రీప్యాక్ కొండదారి

కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరమున, ఫేర్‌ఫాక్స్ పట్టణసమీపమందలి ఒక మట్టిదారిని 1976 అక్టోబరులో కొందరు యువకులు పందెము వైచి సైకిళ్లపై దిగనారంభించిరి. ఒక్కొక్కరుగా దిగెడివారు, పోటీ యంతయు గడియారముతోనే. వారి వాహనములు ముప్పది నలుబదేండ్ల నాటి ష్విన్ కంపెనీ సైకిళ్లు: లావు టైర్లు, అధికభారము, వెనుకచక్రపు ఇరుసులో ఇమిడి, పెడలును వెనుకకు త్రొక్కినంతనే పట్టుకొను కోస్టరు బ్రేకు. సుమారు రెండుమైళ్లలో 1,300 అడుగులు దిగులోపల ఆ బ్రేకులోని గ్రీజు ఘర్షణోష్ణమునకు కరగి పొగయై పోవుటచే, దిగిన పిమ్మట ఇరుసును విప్పి క్రొత్త గ్రీజు కూరవలసివచ్చెడిది. దారికి రీప్యాక్ అను పేరు అందుచేతనే వచ్చినది.

ఈ బాధ పడలేకయే కాబోలు, ఆ పందెగాండ్రలో గ్యారీ ఫిషర్ ప్రభృతులు డ్రమ్ము బ్రేకులను, మోటారుసైకిలు మీటలను, గేర్లను తగిలించుకొనిరి. వారిలోనివాడే యగు జో బ్రీజ్ 1977లో ఇట్టి కొండదారుల సవారికే ప్రత్యేకించి నూతన చట్రమును నిర్మించి, రిమ్మును రబ్బరుదిమ్మెలతో పట్టు కాంటిలివర్ బ్రేకుల నమర్చెను. రిమ్మునే పట్టు వి-బ్రేకు, ఇరుసుచెంతనున్న డిస్కును పట్టు డిస్కు బ్రేకు ఇట్టి సైకిళ్లకు తరువాత వచ్చినవి.

ఈ రెంటిలో, ఊరివీథులలో తిరుగుచు, సెలవునాడు మాత్రము మట్టిబాట పట్టువానికి వి-బ్రేకే చాలుననియు, మరమ్మతు సులభమగుటచే అదియే మేలనియు నా అభిప్రాయము. వానకాలపు బురద రిమ్ముకంటి దిమ్మెలు జారునపుడు మాత్రము, ఇరుసుచెంత బురద కెడముగా తిరుగు డిస్కునకు వెచ్చించిన అదనపు ధనము వ్యర్థము కాదు.