కార్తె చూసి, పదును చూసి

1870 నాటికి సుంకేసుల ఆనకట్ట నుంచి కడప దాకా తుంగభద్ర నీళ్లు పారే కాలువ సిద్ధమైంది. కరువు సీమకు నీళ్లొస్తే రైతులు ఎగబడి తీసుకుంటారని లండన్‌లో వాటాలు కొన్నవాళ్లు లెక్కలు వేసుకున్నారు. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీకి ప్రభుత్వం అయిదు శాతం వడ్డీ హామీ కూడా ఇచ్చింది. తీరా చూస్తే, వానలు బాగున్న ఏడు కాలువ నీళ్లు అడిగే నాథుడే తక్కువ. వాన మొహం చాటేసినప్పుడే రైతులు కాలువ వైపు చూసేవారు. నీటి తీరువ మీద ఆశలు పెట్టుకున్న కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది. 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. ఇవాళ అందరూ కేసీ కెనాల్ అంటున్నది దాన్నే.

రైతుల లెక్క రైతులకుంది. నల్లరేగడి గట్టి వానలు తాగితే నెలల తరబడి తడి దాచుకుంటుంది. ఆ తడి మీదే జొన్న, పత్తి పండేవి. దానిపైన కాలువ నీళ్లు కూడా నిలబెడితే వేరు కుళ్లుతుంది, తీరువ అదనం. ఏ నేలలో ఏ వానకు విత్తాలో తరతరాలుగా తేలిపోయిన చోట ఇంజనీర్ల మాట చెవికెక్కలేదు.

ఈ సీమలో విత్తు కాలాలు రెండు. జూన్ 8 ప్రాంతంలో మృగశిర ప్రవేశించాక పడే వానలకు ఎర్రనేలల్లో వేసేది ముంగారి. సెప్టెంబరు చివర్లో హస్త వచ్చేనాటికి రేగళ్లలో మొదలయ్యేది హింగారి. పత్తికొండ, డోన్ వైపు మొదటిది ఎక్కువ. కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు రెండోది. కార్తె వచ్చినంత మాత్రాన ఎవరూ గొర్రు కట్టరు. పదును పడాలి. పైపైన తడిసిన నేలను నమ్మి విత్తితే మొలక వచ్చీ రాగానే మాడిపోతుంది, ఇంట్లో విత్తనాలూ అయిపోతాయి.

కూరగాయలకు విడిగా మడి ఉండేది బావి ఉన్నవాళ్లకే. తక్కినవాళ్లకు కూర కూడా చేను సాళ్ల మధ్యే పండేది: అలసంద, అనుము, మటిక, గోగు, దోస. వీటిలో అనుము ఘటికురాలు. పాత నాటు రకాలను ఆరుద్రలో వేసినా, మఖలో వేసినా పొద్దు తగ్గితే గానీ పూత పట్టవు. అందుకే దాని కాయలు, అంటే అనపకాయలు, సంక్రాంతి ముందూ వెనకా బజారు నిండా కనిపిస్తాయి. మృగశిర, ఆరుద్ర వానలకు బీర, సొర, కాకర గింజలు దొడ్లో పడేవి. వంగ, మిరప నార్లు పోసుకుని వానలు కుదురుకున్నాక నాటుకునేవారు.

తిథులు చంద్రుణ్ని బట్టి నడుస్తాయి కాబట్టి ఏటేటా వెనకాముందూ అవుతాయి. విత్తనానికి రైతు సూర్యుణ్ని నమ్ముకున్నాడు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులే కార్తె. అలాంటివి ఏడాదికి 27. అయితే ఈ లెక్కలోనూ చిన్న జారుడు ఉంది. నక్షత్రాల లెక్క సంవత్సరం రుతువుల సంవత్సరం కన్నా 20 నిమిషాలు పెద్దది. అంటే 72 ఏళ్లకు ఒక రోజు తేడా. వరాహమిహిరుడి నాడు, ఆరో శతాబ్దంలో, అశ్విని కార్తె రుతువుల లెక్కన ఇప్పటికన్నా మూడు వారాలు ముందే వచ్చేది. అప్పటి మృగశిర మే నెల మధ్యలో పడేదన్నమాట. కార్తెల సామెతలు వేల ఏళ్ల నాటివని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. వానలతో సరిపోలేలా జనం వాటిని ఎప్పటికప్పుడు సరిచేసుకుంటూ వచ్చి ఉండాలి.

విత్తుకు కార్తెలే కాక వేరే కొలతలూ ఉన్నాయి. 1960లో అమెరికా వ్యవసాయ శాఖ మొక్కల కోసం ఒక పటం అచ్చువేసింది. చలికాలపు అతి తక్కువ ఉష్ణోగ్రతను బట్టి దేశాన్ని మండలాలుగా విడగొట్టింది. మంచుకు మొక్క చస్తుందా, బతుకుతుందా అన్నదే అక్కడి ప్రశ్న. కర్నూలులో చలి మొక్కను చంపదు. రోళ్లు పగిలే రోహిణిలో నిలిచేదేదన్నదే ఇక్కడి ప్రశ్న. టమాటానే తీసుకోండి. ఎండ ముదిరి రాత్రులు కూడా వేడెక్కితే పూత రాలిపోతుంది, కాయ నిలవదు. అందుకే ఎండాకాలం టమాటా మదనపల్లె నుంచి వస్తుంది. ఆ ఊరు సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. కడప 140 మీటర్లు కూడా ఉండదు. పత్తికొండ టమాటా వానాకాలం, చలికాలం సరుకు. అన్ని ఊళ్ల పంటా ఒకేసారి బజారుకొచ్చిన ఏడు అక్కడి రైతులు గంపలు రోడ్డున పారబోస్తారు.

మన దేశంలో ఇలాంటి విభజన 1979లో మొదలైన జాతీయ వ్యవసాయ పరిశోధన ప్రాజెక్టుతో వచ్చింది. దేశాన్ని 127 మండలాలు చేశారు. కర్నూలు, అనంతపురం అల్ప వర్షపాత మండలంలో పడ్డాయి, దానికి నంద్యాల కేంద్రం. కడపలో చాలా భాగం తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ మండలంలోకి వెళ్లింది. పక్కపక్క జిల్లాలను విడదీయడం విడ్డూరంగా కనిపించినా సబబే. ఉమ్మడి కర్నూలు సగటు వాన సుమారు 670 మిల్లీమీటర్లు, అందులో మూడింట రెండొంతులు నైరుతిదే. కడప సగటు 700 దగ్గర ఉన్నా, మూడో వంతుకు పైగా అక్టోబరు మొదలుకొని పడుతుంది.

ఉల్లి దగ్గర ఈ తేడాల విలువ తెలుస్తుంది. పొద్దు పొడవును బట్టి గడ్డ ఊరుతుంది. కర్నూలులో అతి పొడవైన పగలు 13 గంటలు దాటీ దాటదు, చలిదేశాల రకాలు ఇక్కడ ఆకు వేసి ఊరుకుంటాయి. ముంగారి ఉల్లిని చాలామంది నేరుగా విత్తుతారు, సెప్టెంబరు, అక్టోబరుల్లో పెరుకుతారు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర పోటెత్తి కర్నూలు నగరం మునిగినప్పుడు నడుస్తున్నది హస్త కార్తె, గడ్డ ఆరబెట్టుకునే రోజులు. కడప జిల్లా మైదుకూరు, దువ్వూరు వైపు పండే కృష్ణాపురం ఉల్లిది మరో దారి. మన వంటిళ్లలో దాని వాడకం తక్కువ, మలేసియా, సింగపూర్‌లకు పోతుంది. 2020 సెప్టెంబరులో కేంద్రం ఉల్లి ఎగుమతి ఆపేసినప్పుడు ఆ రైతుల పంటకు కొనేవాళ్లే లేకపోయారు. అక్టోబరులో చెన్నై రేవు గుండా 10,000 టన్నులకు సడలింపు ఇచ్చారు. ఏ కార్తెలో విత్తితే ఈ గండం తప్పేదో చెప్పగలిగే పంచాంగం లేదు.

ఇప్పుడు పదును కోసం ఆగే పద్ధతికే ఎదురు నడిచే విధానం వస్తోంది. రాష్ట్ర ప్రభుత్వపు రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయంలో విత్తనాలకు బంకమట్టి, బూడిద, ఘనజీవామృతం పట్టించి వానలకు ముందే, ఏప్రిల్, మే నెలల్లో, చల్లిస్తున్నారు. అలసంద, మటిక, బెండ వంటి కూరగాయ విత్తనాలూ అందులో ఉంటాయి. పూత దళసరిగా ఉండటంతో చిరుజల్లుకు మొలవకుండా, తగినంత తడి తగిలాకే మొలకెత్తాలన్నది ఆలోచన. పాతతరం మొదట్లో నవ్వినా ఆశ్చర్యం లేదు.

మిద్దె మీద కుండీలు పెట్టుకునే కర్నూలు, కడప పాఠకులు విత్తనాల ప్యాకెట్ మీది నెలలను చూసి మోసపోవద్దు, అవి ఏ ప్రాంతానికి రాసినవో చూసుకోండి. కాలీఫ్లవర్, క్యాబేజీ నారు ఆగస్టు, సెప్టెంబరుల్లో పోయండి. బెండ, మటిక, బీర తొలకరికి వేయండి. టమాటా కాపు ఫిబ్రవరిలోగా చేతికొచ్చేలా చూసుకోండి.