స్కోటోమా: పదార్థము, పుట్టుక

కంటి పరీక్ష నివేదికలలో తరచు కనిపించే 'స్కోటోమా' అను మాట గ్రీకు భాషకు చెందినది. ఆ భాషలో 'స్కోటోస్' అనగా చీకటి. దాని నుండి ఏర్పడిన 'స్కోటోమా' మొదట తల తిరిగి చూపు మసకబారుటను సూచించెడిది. మన పల్లెలలో "కళ్లు బైర్లు కమ్మాయి" అనునది దానికి అతి సమీపమైన పలుకుబడి. పాత ఐరోపా వైద్యులు ఈ అర్థముననే వాడిరి. దృష్టి వైశాల్యములో ఒకచోట చూపు లోపించుట అను నేటి అర్థము 19వ శతాబ్దమున స్థిరపడినది.

ప్రతి కంటికీ పుట్టుకతోనే ఇట్టి ఖాళీ ఒకటి ఉండును. దృష్టినాడి కంటి నుండి వెలుపలికి పోవు చోట వెలుగును గ్రహించు కణములు లేవు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎడ్మ్ మారియొట్ దీనిని 1668లో ప్రకటించెను. దీనిని తెలుగున అంధబిందువు అందురు. మరాఠీలోనూ దాదాపు అదే మాట, తమిళమున 'కురుట్టుప్ పుళ్ళి'. కాగితముపై 8 సెంటీమీటర్ల ఎడముతో రెండు చుక్కలు పెట్టి, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఎడమ చుక్కనే చూచుచు కాగితమును ముందుకు వెనుకకు జరిపినచో, సుమారు 30 సెంటీమీటర్ల దూరమున కుడి చుక్క మాయమగును. పిల్లలకిది మంచి వినోదము.

వ్యాధి వలన కలుగు స్కోటోమా వేరు. కొందరికి నల్లమచ్చ స్పష్టముగా కనిపించును. కనిపించనిదే ఎక్కువ ప్రమాదకరము: చుట్టుపక్కల దృశ్యముతో మెదడు ఆ ఖాళీని పూరించుటచే రోగికి లోపమే తెలియదు. నీటికాసుల వ్యాధిలో జరుగునది ఇదే. మధ్యచూపు చాలకాలము నిలిచియుండుటచే చదువుటకు, దారము ఎక్కించుటకు ఇబ్బంది ఉండదు. విల్లువంపుగా ఏర్పడు ఈ లోపమును డెన్మార్కు వైద్యుడు బ్యేరుమ్ 1889లో వర్ణించెను. పోయిన చూపు తిరిగి రాదు. మందులు, శస్త్రచికిత్స ఉన్న చూపును నిలుపుటకే. తల్లిదండ్రులకో తోబుట్టువులకో నీటికాసులున్నవారు నలుబది ఏండ్లు నిండగనే, బాధ లేకున్నను, పరీక్ష చేయించుకొనుట అవసరము.

పార్శ్వపు తలనొప్పికి ముందు మెరయుచు వంకరటింకరగా వ్యాపించు మచ్చయు స్కోటోమాయే. అది సాధారణముగా గంటలోపు తొలగును.

దృష్టి వైశాల్య పరీక్ష కాగితమున కుడి కంటికి కుడివైపున, ఎడమ కంటికి ఎడమవైపున కానవచ్చు చిన్న నల్లగుర్తు సహజమైన అంధబిందువే. తక్కిన నల్లని భాగముల గురించి మాత్రము వైద్యుని అడిగి తెలిసికొనవలెను.