సీమ పిట్టలూ, మన బావురుపిల్లీ

మొన్న సెలవుల్లో గుడివాడలో భోజనాలవగానే అందరం టీవీ ముందు చేరేవాళ్లం. మా అమ్మాయి పెట్టింది, 2023లో బి.బి.సి. వారు ప్రసారం చేసిన 'వైల్డ్ ఐల్స్'. ఐదు భాగాలు. తొంభై ఆరేళ్ల డేవిడ్ అటెన్‌బరో గారు! లోకమంతా తిరిగిన మనిషి, తన దేశపు పిట్టల్నీ సీళ్లనీ ఎంత మురిపెంగా చూపించారో!

"వాళ్లవి సరే, మన దివిసీమలో ఏమున్నాయమ్మాయ్?" అన్నారు మా అత్తగారు.

నాకు నోట మాట రాలేదు. బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. 1611లో ఇంగ్లీషువాళ్ల 'గ్లోబ్' ఓడ బందరు చేరిందని గడగడా చెబుతాను. అక్కడికి దగ్గర్లోనే, మడ అడవుల్లో, నీళ్లలోకి దిగి చేపలు పట్టే బావురుపిల్లి ఉందని మాత్రం నలభై దాటాకే తెలిసింది.

అత్తగారి పుట్టిల్లు నాగాయలంక వైపు. తాబేళ్లు ఒడ్డుకెక్కి ఇసకలో గుడ్లు పెట్టడం చూస్తూ పెరిగారు. 1864 ఉప్పెనలో బందరు ప్రాంతంలో ముప్పై వేలమంది పోయారని నేను పుస్తకంలో చదివాను. 1977 నవంబరు 19 మాత్రం ఆవిడ ఒంటిమీదే ఉంది. రాత్రంతా తుమ్మచెట్టు కరుచుకున్నప్పటి ముళ్ల గాట్లు.

"మడ దట్టంగా ఉంటే అల జోరు తగ్గుతుందే. అలాంటిది, రొయ్యల చెరువులకని దాన్నే కొట్టారు" అన్నారు.

1989లో అక్కడ కృష్ణా అభయారణ్యం ఏర్పాటు చేశారు, అదొక ఊరట.

సంక్రాంతికి బావురుపిల్లిని చూడాలంది మా అమ్మాయి. అది రాత్రిపూట తిరిగే జీవి, కనబడకపోవచ్చన్నాను. అత్తగారు అప్పుడే చీరలు సర్దుతున్నారు.