రేగడి, చలక, బూడిద: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నేలల పుట్టుక

నల్లరేగడి అగ్నిపర్వత శిలల నుండి ఏర్పడిన నేల అన్నది పాఠ్యపుస్తకాల ద్వారా స్థిరపడిన అభిప్రాయం. దక్కన్ లావా ప్రాంతానికి ఇది వర్తిస్తుంది. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం పరచుకొన్న ఆ లావా తెలంగాణలో ఆదిలాబాదు, వికారాబాదు, జహీరాబాదు ప్రాంతాలలో కనిపిస్తుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల వరకు అది రాలేదు. అయినా ఇక్కడా రేగడి ఉంది. దాని మూలాన్ని వేరేచోట వెతకాలి.

సూర్యాపేట పరిసరాలలో ఆధారశిల ప్రధానంగా గ్రానైటు, నైసు. మెరకలో ఈ శిలలు శిథిలమై, నీరు జారిపోయి, ఇనుము ఆక్సైడుగా మిగిలినచోట ఎర్రచలక ఏర్పడింది. కృష్ణానది వైపు మట్టపల్లి, మేళ్లచెరువు ప్రాంతాలలో సున్నపురాయి విస్తరించి ఉంది. సున్నం సమృద్ధిగా ఉన్నచోట, నీరు నిలిచే పల్లాలలో, స్మెక్టైట్ అనే బంకఖనిజం రూపొందుతుంది. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చే రేగడి గుణం దీనిదే. కనుక నలుపు రంగు లావాకు సాక్ష్యం కాదు.

అగ్నిపర్వత బూడిద తెలుగునేలను తాకిన ఉదాహరణ నంద్యాల జిల్లా జ్వాలాపురంలో ఉంది. సుమారు 74,000 సంవత్సరాల క్రితం సుమత్రాలోని టోబా పేలుడులో ఎగసిన బూడిద జుర్రేరు లోయలో మేటవేసింది. రవి కొరిసెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా ప్రభృతులు ఆ పొరకు పైనా కిందా రాతి పనిముట్లను గుర్తించి 2007లో ప్రకటించారు. జపాన్ వంటి తేమ ప్రాంతాలలో బూడిదలోని గాజురేణువులు త్వరగా శిథిలమై, అల్లోఫేన్ ఏర్పడి, తేలికైన నల్లని నేలగా మారుతాయి. జ్వాలాపురంలో మాత్రం తరువాతి ఒండ్రు కింద పూడుకుపోయిన బూడిద నేటికీ బూడిదగానే గుర్తించదగి ఉంది. మాతృపదార్థం ఒక్కటే నేలను నిర్ణయించదు. వాతావరణం, వాలు, నీటి పారుదల, కాలం కూడా నిర్ణయిస్తాయి.

ఈ సూత్రం భాషాచరిత్రకూ అవసరం. ఆంగ్ల భూశాస్త్రంలోని ‘రెగర్’ అన్న పదం తెలుగు ‘రేగడి’ నుండి వెళ్లినదే. రైతు వాడుకలో ఆ పేరు నేల నడతకు గుర్తు. పాఠ్యపుస్తకాలలో అది పుట్టుకకు గుర్తయింది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలయ్యాక ఎడమకాలువ కింద చలకలూ రేగడులూ వరిమళ్లయ్యాయి. పాతభేదం పంటలో మరుగుపడినా, పేర్లలో నిలిచి ఉంది. శాసనాలలోనో, కైఫీయతులలోనో ‘రేగడి’ కనిపించినప్పుడు పరిశోధకుడు అక్కడ లావాను ఊహించక, ఆ ఊరి రాతినీ పల్లాన్నీ పరిశీలించడం యుక్తం.