బంతిలో వలపక్షం: ఒక కొండ ఊరి డైనింగ్ హాల్ కోసం కొంత చరిత్ర



పోయిన నెల పాడేరు ఏజెన్సీ నుంచి ఒక పాత విద్యార్థి ఫోన్ చేశాడు. నా దగ్గర ఎం.ఏ. తెలుగు చదివి, ఇప్పుడు కొండ మీద ఒక ఆశ్రమ పాఠశాలలో పని చేస్తున్నాడు. "సార్, మా స్కూలుకి డైనింగ్ హాల్ శాంక్షనైంది. ఇప్పటిదాకా పిల్లలు వరండాలో కింద కూర్చుని తింటున్నారు. వానొస్తే జల్లు కంచాల్లోకి కొడుతుంది. డిసెంబర్ చలికి అన్నం కలిపేలోపే చల్లారిపోతుంది. హాల్ ఎలా ఉంటే పిల్లలు ఇష్టంగా వచ్చి తింటారో రాసిమ్మన్నారు. మీరేమన్నా చెప్తారా?" అన్నాడు.

నేనేమన్నా ఇంజనీర్నా? అదే మాట అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆలోచన ఆగలేదు. ఈ దేశంలో ఎవరు ఎక్కడ కూర్చుని తినాలో, ఎవరి కంచంలో ఎవరు ఎంత ఎత్తు నుంచి వడ్డించాలో కులం ఎప్పుడో ప్లాన్ గీసి పెట్టింది. కొత్త గోడలు కట్టేవాళ్ళకి ఆ పాత ప్లాన్ తెలియకపోతే, సిమెంటుతో మళ్ళీ అదే కడతారు. అందుకే ఈ వారం వ్యాసం ఆ తమ్ముడి కోసం, అతని పిల్లల కోసం.

ముందు ఒక మాట గురించి చెప్పుకుందాం. తెలుగులో 'బంతి' అంటే భోజనానికి కూర్చునే వరస. సంస్కృత 'పంక్తి' నుంచి వచ్చింది. 'బంతిలో వలపక్షం' అని మన పెద్దవాళ్ళు ఇప్పటికీ అంటారు. ఒకే వరసలో కూర్చున్నవాళ్ళలో ఒకరికి నెయ్యి ఎక్కువ, ఇంకొకరికి తక్కువ వేయడం. ఇది అన్యాయమని భాషకి తెలుసు. కానీ అదే భాషలో 'పంక్తి బాహ్యుడు' అనే మాట కూడా ఉంది. వరసలోకే రానివ్వని మనిషి అని అర్థం. వరసలో ఉన్నవాడికి నెయ్యి తగ్గితే సామెత పుట్టింది. వరస బయట ఉన్నవాడి ఆకలి మీద సామెత పుట్టలేదు. మన సాహిత్య చరిత్రని ఈ రెండు మాటల మధ్య నుంచి చదవాలని నేను క్లాసులో చెప్తుంటాను.

తెలుగు నేల మీద వరసని మార్చిన కథ అనగానే అందరూ చెప్పేది పల్నాటి చాపకూడు. 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని, మాల కన్నమదాసుని కొడుకుగా స్వీకరించి సేనాపతిని చేశాడని వీరగాథ. శ్రీనాథుడిదిగా చెప్పే ద్విపద కావ్యం కంటే ముందు నుంచీ ఈ కథని బతికించింది పాడేవాళ్ళ గొంతులు. కారంపూడిలో వీరుల ఉత్సవాల్లో ఇవాళ్టికీ చాపకూడు పెడతారు. ఆ చాపని నేను తక్కువ చేయను. ఒక్కటే అడుగుతాను: ఆ చాప ఎవరిది? పరిచినవాడు నాయకుడు. కూర్చోమన్నది ఆయన. అతిథిగా పిలిచినప్పుడు కూర్చోవడం వేరు, హక్కుగా వచ్చి కూర్చోవడం వేరు. పండగ రోజు పరిచిన చాప మర్నాడు ఉంటుందా లేదా అన్నదే మన ప్రశ్న.

ఆ ప్రశ్నని ఆధునిక కాలంలో గట్టిగా వేసిన వాళ్ళలో కేరళ సహోదరన్ అయ్యప్పన్ ఒకడు. ఈళవ కులంలో పుట్టినవాడు. 1917 మే 29న చెరాయిలో మిశ్రభోజనం పెట్టాడు. ఈళవులు, పులయలు కలిసి కూర్చుని తిన్నారు. పెద్ద విందేమీ కాదు, శనగలు, పనస గింజల కూర. అయినా ఊరు అట్టుడికింది. సొంత కులం వాళ్ళే ఆయన్ని వెలివేశారు, 'పులయన్ అయ్యప్పన్' అని ఎగతాళి చేశారు. ఆయన దాన్ని బిరుదుగా తీసుకున్నాడు. ఇక్కడ గమనించండి. గొడవ పెట్టింది నంబూద్రులు కాదు, తామూ అంటరానితనం అనుభవిస్తున్న కులం వాళ్ళే. నిచ్చెన మీద ప్రతి మెట్టుకీ కింద ఇంకో మెట్టు ఉంటుంది. కొండ మీద కూడా ఉంటుంది. ఆదివాసీ తెగల మధ్య ఎవరింట్లో ఎవరు తినరో ఆ పిల్లలకి మనకంటే బాగా తెలుసు.

ఇప్పుడు అసలు డైనింగ్ హాల్ గొడవకి వద్దాం. తమిళనాడులో తామ్రపర్ణి నది ఒడ్డున, పడమటి కనుమల దాపున చేరన్‌మాదేవి అనే ఊరుంది. 1920ల్లో వి.వి.ఎస్. అయ్యర్ అక్కడ ఒక గురుకులం నడిపాడు. ఆయన బ్రిటిష్ వాళ్ళని ఎదిరించిన విప్లవకారుడు. జాతీయ విద్య ఆశయం. తమిళనాడు కాంగ్రెస్ పదివేల రూపాయలు ఇస్తామని ఒప్పుకుని ఐదువేలు ఇచ్చింది కూడా. కానీ ఆ గురుకులంలో ఇద్దరు బ్రాహ్మణ పిల్లలకి వేరే చోట భోజనం పెట్టేవాళ్ళు. వాళ్ళ తల్లిదండ్రులు కోరారని కారణం.

ఇద్దరంటే ఇద్దరే! అంత చిన్న విషయానికి రాద్ధాంతం ఎందుకని అప్పుడూ అడిగారు. పెరియార్, వరదరాజులు నాయుడు మాత్రం వదల్లేదు. ప్రజల డబ్బుతో నడిచే బడిలో రెండు బంతులేంటని నిలదీశారు. గాంధీ దగ్గరికి పోయింది. ఉన్న ఆ ఇద్దరి వరకు తల్లిదండ్రుల మాట మన్నించి, ఇకమీదట మాత్రం వేరు భోజనం ఉండకూడదనే పద్ధతిలో ఆయన రాజీ చెప్పాడు. రాజీ కుదర్లేదు. 1925లో అయ్యర్ గురుకులం బాధ్యత నుంచి తప్పుకున్నాడు. అదే ఏడాది జూన్‌లో జలపాతం దగ్గర కూతుర్ని కాపాడబోయి చనిపోయాడు. నవంబర్‌లో కాంచీపురం సభ తర్వాత పెరియార్ కాంగ్రెస్‌ని వదిలేశాడు. దానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి. కానీ ఒక రాష్ట్ర రాజకీయాన్ని వందేళ్ళ పాటు మార్చిన చీలికలో ఒక హాస్టల్ భోజనాల గది ఉందన్నది విద్యార్థులు మర్చిపోకూడదు.

అయ్యర్ చెడ్డవాడా? కాదు. అందుకే ఈ ఉదాహరణ ముఖ్యం. మంచివాడు నడిపే మంచి సంస్థలో, 'ఇద్దరి కోసం' అని ఇచ్చిన చిన్న సడలింపు మిగతా పిల్లలందరికీ రోజుకి రెండు పూటలా ఒక పాఠం చెప్పింది. ఆ పాఠం ఏ పుస్తకంలోనూ లేదు, కంచాల దగ్గర ఉంది.

తర్వాత రెండేళ్ళకి మహద్. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో కలిసి చౌదార్ చెరువు నీళ్ళు తాగాడు. ఇది మనందరికీ తెలుసు. ఆ తర్వాత ఏం జరిగిందో తక్కువగా చెప్పుకుంటాం. ఊరివైపు మనుషులు కర్రలతో వచ్చి పందిట్లో భోజనాల దగ్గరున్న మనవాళ్ళ మీద పడ్డారు. మనుషుల్ని కొట్టారు, వండిన అన్నాన్ని మట్టిపాలు చేశారు. చెరువు ముట్టుకున్నందుకు కోపం వస్తే అన్నం మీదకి ఎందుకు పోయారు? మనం కలిసి కూర్చుని తినడం వాళ్ళకి ఎంత పెద్ద తిరుగుబాటుగా కనిపించిందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

అదే అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో సహపంక్తి భోజనాల వల్ల మాత్రమే కులం పోదని తేల్చి చెప్పాడు. కలిసి తిన్నవాళ్ళు తిని లేచి ఎవరి కులంలోకి వాళ్ళు వెళ్ళిపోతారు. కులాంతర వివాహం కావాలి, దాని వెనకున్న శాస్త్రాల మీద నమ్మకం పోవాలి అన్నాడు. కాబట్టి డైనింగ్ హాల్‌తో విప్లవం వస్తుందని నేను ఆ తమ్ముడికి చెప్పను. కాకపోతే ఒక పూట సహపంక్తి వేరు, హాస్టల్ వేరు. పిల్లాడు ఏళ్ళ తరబడి రోజూ అక్కడ తింటాడు. అక్కడ నేర్చుకున్నది ఒంట్లో ఇంకిపోతుంది, మంచైనా చెడైనా.

ఇది పాత కథ అనుకునేవాళ్ళకి రెండు కొత్త కథలు. బడుల్లో వండిన భోజనం పెట్టాలని 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2004 ఏప్రిల్‌లో ఇంకో ఆదేశంలో, వంటవాళ్ళ నియామకంలో దళితులకి, ఎస్సీ, ఎస్టీలకి ప్రాధాన్యం ఇవ్వాలంది. 2021 డిసెంబర్‌లో ఉత్తరాఖండ్ కొండల్లో, చంపావత్ జిల్లా సుఖీఢాంగ్ బడిలో ఒక దళిత మహిళని వంటమనిషిగా పెట్టారు. పైకులాల పిల్లలు ఆమె వండింది తినం అన్నారు. నియామకంలో లోపం ఉందని ఆమెని తీసేశారు. అప్పుడు దళిత పిల్లలు ఏం చేశారు? కొత్తగా వచ్చిన పైకులం ఆమె వండింది మేమూ తినం అన్నారు. చివరికి ఆ దళిత మహిళ మళ్ళీ వంటగదిలోకి వచ్చింది. ఆ పిల్లలు హైస్కూలు వయసు వాళ్ళు. వాళ్ళకి పెరియార్ తెలిసుండకపోవచ్చు. పని మాత్రం అదే చేశారు.

రెండోది చదువుల శిఖరం మీద. 2018 డిసెంబర్‌లో మద్రాసు ఐఐటీలో 'హిమాలయ' అనే మెస్ దగ్గర పోస్టర్లు వెలిశాయి. శాకాహారులకి వేరే తలుపు, వేరే వాష్ బేసిన్ అని. అంబేడ్కర్ పెరియార్ స్టడీ సర్కిల్ విద్యార్థులు బయటపెట్టాక తీసేశారు. కులం పేరెత్తకుండా తలుపులతో, కుళాయిలతో ఎలా చెప్పొచ్చో అది చూపించింది.

నా సంగతి కూడా ఒకటి చెప్తాను. నేను చదివిన ఒక హాస్టల్‌లో వడ్డించే మనిషి మా కొందరికి పప్పు గరిటెని పైకెత్తి పోసేవాడు, కంచానికి గరిటె తగలకుండా. చొక్కాల మీద పప్పు చిందేది. అది చాతకానితనం అనుకునేవాళ్ళం. పక్క బంతిలో మాత్రం చుక్క కూడా ఎందుకు చిందదో అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది.

ఇక తమ్ముడూ, నా ప్లాన్ రాసుకో. ఒకే తలుపు పెట్టండి, వచ్చినా పోయినా అందరూ దాంట్లోంచే. చేతులు కడుక్కునే కుళాయిలు ఒకే వరసలో, మూడో తరగతి పిల్లకి అందేలా కొన్ని కిందుగా ఉండాలి. తాగేనీళ్ళకి కుండా చెంబూ వద్దు, కుళాయే పెట్టండి. ముంచే చెయ్యి ఎవరిదనే ప్రశ్నే రాదు. వడ్డించే బల్ల పిల్లల నడుము ఎత్తులో ఉండాలి, గరిటె పైకెత్తే అవసరం లేకుండా. వడ్డించే వంతు, పెద్ద గిన్నెలు తోమే వంతు హాజరుపట్టీ వరసలో అందరికీ రావాలి, టీచర్లకి కూడా.

వాన కొట్టే వైపు గోడ మూసి, ఎండొచ్చే వైపు కిటికీలు పెద్దవి పెట్టమను. కొండ చలికి కింద కూర్చోబెట్టొద్దు, బల్లలు వేయించు. పొగ పైకి పోయే గొట్టం మర్చిపోవద్దు. వంటగదికీ హాలుకీ మధ్య గోడకి పెద్ద కిటికీ ఉండాలి. వండే అమ్మలు పిల్లలకి కనిపించాలి, వాళ్ళూ అదే హాల్లో, అదే బల్ల మీద తినాలి. గోడ మీద దాతల పేర్ల కంటే ముందు వాళ్ళ పేర్లు రాయించు.

తిండి కూడా స్వాగతంలో భాగమే. ఆ కొండ మీద పండే చోళ్ళు, సామలు, రాజ్మా ఆ పిల్లల కంచంలోకి రావాలి. ఇంట్లో తాగిన చోడి అంబలి హాస్టల్లో కనిపిస్తే, అది సిగ్గుపడే తిండి కాదని పిల్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. గుడ్డు తినని పిల్లకి అరటిపండు ఇవ్వండి, బల్ల మాత్రం వేరు చేయొద్దు. అడ్డాకులు ఏరి, కుట్టి మైదానాల పెళ్ళిళ్ళకి పంపేది ఆ పిల్లల తల్లులే. వాళ్ళు కుట్టిన విస్తట్లో తింటూ వాళ్ళని బంతి బయట నిలబెట్టిన లోకం మనది. ఆ తల్లులు పిల్లల్ని చూడ్డానికి వచ్చిన రోజు గేటు దగ్గర నిలబెట్టకుండా లోపలికి పిలిచి, పిల్లల పక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టే నియమం ఒకటి రాయించు. మిగతావన్నీ కుదరకపోయినా ఇది వదలొద్దు.

చదివే మిత్రులకి ఒక పని. మీ హాస్టల్ మెస్‌కి రేపు వెళ్ళినప్పుడు తలుపులు, కుళాయిలు, బల్లలు లెక్కపెట్టండి. ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో, ఎవరు తోముతున్నారో చూడండి. చూసింది రాయండి. వచ్చే వారం వంటగది లోపలికి వెళ్దాం, హాస్టళ్ళలో వండిన అమ్మల చరిత్రతో.

జై భీమ్.