పన్నెండు ప్లగ్గుల కథ

మీ కారు బానెట్ మీరు ఆఖరిసారి ఎప్పుడెత్తారు? అద్దం కడిగే నీళ్ళు పొయ్యడానికి కాదు, లోపల ఏముందో చూద్దామని. మా టీములో ఈ ప్రశ్న వేస్తే దాదాపు అందరూ నవ్వేశారు. "సర్వీసింగ్‌కి ఇస్తాం కదా, మనకెందుకు?" అన్నారు. నిజమే. ఎందుకు అనేదే ఈ టపా.

నాకు చాలారోజుల్నుంచి ఒక అనుమానం. ఏ వస్తువైతే చెడిపోవడం మానేస్తుందో, దాని గురించి తెలిసినవాళ్ళు కూడా మెల్లగా మాయమైపోతారు. మన ఫీల్డులో ఇది రోజూ చూసేదే. పదేళ్ళుగా ఆగకుండా నడుస్తున్న బ్యాచ్ జాబ్ ఒకటి ఉంటుంది. రాసినాయన ఎప్పుడో కంపెనీ మారిపోయాడు. దాని జోలికెళ్ళాలంటే అందరికీ భయం. చెడ్డ కోడ్ అని కాదు, మంచి కోడ్ కాబట్టే ఎవరూ దాన్ని తెరిచి చూడాల్సిన అవసరం రాలేదు! స్పార్క్ ప్లగ్ చరిత్ర చదువుతుంటే నాకు అచ్చంగా ఇదే కథ కనిపించింది.

సరే, మొదట్నుంచీ చూద్దాం. 1860లో పారిస్‌లో ఎటియెన్ లెన్వార్ అనే ఆయన గ్యాసుతో నడిచే ఇంజన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. అందులో గ్యాసుని అంటించడానికి బ్యాటరీ, కాయిల్, పింగాణీలో బిగించిన తీగల మధ్య నిప్పురవ్వ. అంటే ఇప్పుడు మన కారులో ఉన్న ఏర్పాటే, మొరటు రూపంలో. కానీ అప్పటి బ్యాటరీలు, కాయిళ్ళు నమ్మదగ్గవి కావు. అందుకే తర్వాత వచ్చినవాళ్ళు వేరే దారులు వెతుక్కున్నారు. 1880లలో డైమ్లర్, మేబాక్ ఇద్దరూ ఒక ప్లాటినం గొట్టాన్ని బయటనుంచి మంటతో ఎర్రగా కాల్చి, ఆ వేడితో లోపలి పెట్రోలు ఆవిరిని అంటించేవారు. పెట్రోలు బండి మీద ఎప్పుడూ వెలిగే దీపం అన్నమాట. ఎంత క్షేమమో ఊహించుకోండి :)

కార్ల్ బెంజ్ మాత్రం కరెంటునే నమ్ముకున్నాడు. 1886 నాటి ఆయన మూడు చక్రాల బండిలో బ్యాటరీ, కాయిల్, ప్లగ్గు ఉన్నాయి. అన్ని సమస్యల్లోకీ పెద్ద సమస్య ఇగ్నిషనే అని ఆయనే వాపోయాడు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, మొగుడికి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వంద కిలోమీటర్లకి పైగా ఆ బండి నడుపుకుంటూ వెళ్ళింది. దారిలో పెట్రోలు గొట్టంలో నలక అడ్డం పడితే టోపీకి పెట్టుకునే పిన్నుతో తీసింది. ఇగ్నిషన్ వైరు ఒరుసుకుపోతే కాలి మేజోడు పట్టీ చుట్టింది. ప్రపంచంలో మొట్టమొదటి దూర ప్రయాణంలోనే ఇగ్నిషన్ రిపేరు కూడా ఉంది. చేసింది వర్క్‌షాపు మెకానిక్ కాదు, ఆ ఇంటావిడ. ఇది గుర్తుపెట్టుకోండి.

అసలు మలుపు 1902లో వచ్చింది. స్టట్‌గార్ట్‌లో రాబర్ట్ బాష్ దగ్గర పనిచేసే గోట్లోబ్ హోనోల్డ్ అనే ఇంజనీరు హై ఓల్టేజీ మాగ్నెటో, దానికి సరిపోయే ప్లగ్గు తయారుచేశాడు. బ్యాటరీ అక్కర్లేదు, ఇంజన్ తిరుగుతుంటే దాని కరెంటు అదే పుట్టించుకుంటుంది. అక్కణ్ణుంచి కారు నమ్మదగ్గ వస్తువైంది. అమెరికాలో ఈ వ్యాపారాన్ని పెంచినవాళ్ళలో ఒకడు ఆల్బర్ట్ ఛాంపియన్, 1899లో పారిస్-రూబే సైకిల్ పందెం గెలిచిన ఫ్రెంచివాడు. ఛాంపియన్ ప్లగ్గులు, ఏసీ ప్లగ్గులు, రెండు పేర్లూ ఆయనవే!

ఇక ఖరీదైన కార్ల సంగతి. హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళినవాళ్ళు అక్కడ పసుపురంగు రోల్స్‌రాయిస్ చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన సిల్వర్ ఘోస్ట్ అది. 1911లో ఆయన పోయాక కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ చేతికొచ్చింది. అందరూ సింహాసనంలాంటి ఆ సీటు చూసి ఫోటోలు తీసుకుంటారు. నాకైతే బానెట్ ఎత్తి చూడాలనిపించింది. ఎందుకంటే సిల్వర్ ఘోస్ట్ ఆరు సిలిండర్ల బండి, సిలిండరుకి రెండేసి ప్లగ్గులు. మొత్తం పన్నెండు. ఒక వరుసకి మాగ్నెటో, ఇంకో వరుసకి బ్యాటరీ, కాయిల్. ఒకటి పోయినా ఇంకోటి లాక్కొస్తుంది. మన భాషలో చెప్పాలంటే ఫెయిలోవర్.

ఆ పన్నెండు ప్లగ్గుల్ని నవాబుగారు ముట్టుకుని ఉంటారా? లేదు లెండి. ఆ రోజుల్లో షోఫర్ అంటే డ్రైవరు మాత్రమే కాదు, మెకానిక్కు కూడా. ఆ మాటకి ఫ్రెంచిలో అసలర్థం మంట వేసేవాడు, అంటే ఆవిరి యంత్రం కొలిమి దగ్గర నిలబడేవాడు. ఖరీదైన కారు మొదట్నుంచీ ఇంకొకరు బాగుచేసే కారే. తన ప్లగ్గు తనే విప్పి తుడుచుకున్నవాడు 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కొన్న రైతు.

మనదేశంలో ఆ రైతు పాత్ర మన నాన్నలది. రెండు స్ట్రోకుల స్కూటర్, పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసేవారు. ఆ ఆయిల్ మసి ప్లగ్గు మొన మీద పేరుకుంటుంది, స్కూటర్ స్టార్టవ్వదు. అప్పుడు బండిని ఒకపక్కకి వంచడం, డిక్కీలోంచి ప్లగ్గు పానా తియ్యడం, ప్లగ్గు విప్పి ఉప్పుకాగితంతో రుద్ది, నోటితో ఉఫ్ అని ఊది మళ్ళీ బిగించడం. మా నాన్న ఇస్త్రీ చొక్కాతో, చేతికి మరకంటకుండా ఈ పనంతా అయిదు నిమిషాల్లో చేసేవాడు. మా నాన్న ఇంజనీరు కాదు, బ్యాంకు గుమాస్తా. ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్నది నాకు!

ఆ ప్లగ్గు మీద చాలాసార్లు 'మైకో' అని ఉండేది. మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ, 1951లో మొదలైన, బెంగుళూరులోని బాష్ వాళ్ళ కంపెనీ. 2008లో పేరు బాష్ లిమిటెడ్ అయింది. బీటీఎం దగ్గర పీజీల్లో ఉన్నవాళ్ళందరికీ మైకో లేఅవుట్ తెలుసు. ఆటోవాడికి అడ్రసు చెప్పడానికి రోజూ పలికిన ఆ పేరు మన నాన్నల డిక్కీలోని ప్లగ్గుదే అని ఎంతమందికి తెలుసో మరి.

మరి ఆ పనంతా ఎలా మాయమైంది? ఒక్కొక్క సమస్యా తీరుతూ వచ్చింది. మొదట పింగాణీ. ఇంజన్ వేడికి పగిలిపోయేది. 1930లలో దాని బదులు అల్యూమినా పింగాణీ వచ్చింది. జపాన్‌లో కప్పులు, సాసర్లు చేసే నోరిటాకే కుటుంబంలోంచి కరెంటు స్తంభాల పింగాణీ కంపెనీ, దాన్లోంచి 1936లో ఎన్‌జీకే స్పార్క్ ప్లగ్ పుట్టాయి. తర్వాత సీసం. పెట్రోల్లో కలిపే సీసం ప్లగ్గు మీద పేరుకునేది. అమెరికాలో 1970లలో క్యాటలిటిక్ కన్వర్టర్ల కోసం సీసంలేని పెట్రోలు వచ్చింది. మనదేశమంతటా 2000 ఫిబ్రవరి 1 నుంచి. తర్వాత కార్బొరేటర్ పోయి కంప్యూటర్ కొలిచి పోసే పెట్రోలు వచ్చింది, మసి తగ్గింది. చివరగా మొన అరుగుదల. నికెల్ 1455 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ప్లాటినం 1768, ఇరీడియం 2446. డైమ్లర్ గొట్టంలో వాడిన ప్లాటినమే వందేళ్ళ తర్వాత ప్లగ్గు కొసకి చేరింది. 1990లకల్లా లక్ష మైళ్ళ ప్లగ్గులు వచ్చేశాయి.

లక్ష మైళ్ళంటే సుమారు 1,60,000 కిలోమీటర్లు. లెక్కెయ్యండి: గంటకి 60 చొప్పున దాదాపు 2,670 గంటలు. ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు తిరిగితే నాలుగు స్ట్రోకుల ఇంజన్లో ప్లగ్గు వెయ్యిసార్లు రవ్వ కొట్టాలి. మొత్తం 16 కోట్ల రవ్వలు! ఒక్కోటీ వేల ఓల్టులు, ఒక్కోటీ మంటల మధ్య. ఇంత పనిచేసే వస్తువు ఖరీదు ఒక పిజ్జా కంటే తక్కువ.

ఇక్కడే చిక్కుంది. ప్లగ్గు ఎనిమిది, పదేళ్ళకోసారి మార్చాల్సిన వస్తువయ్యాక, ఆ పని వచ్చినవాళ్ళు ఇంట్లో ఎవరూ మిగల్లేదు. పైగా ఇంజన్ మీద నల్లటి ప్లాస్టిక్ మూత వచ్చింది. 'ఇక్కడ నీకేం పనిలేదు' అని చెప్పకనే చెప్పే మూత. దాంతో జనం ఈ పని కష్టమైపోయింది అనుకుంటారు. నిజానికి కష్టం పెరగలేదు, అలవాటు తప్పింది.

ఇది ఊరికే అనట్లేదు. నేను డల్లాస్‌లో ఒక 2004 మెర్సిడెస్ ఈ320 సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఖరీదైన కారుకి పదిహేనేళ్ళు దాటితే ధర కరోలా కంటే కిందికి పడుతుంది, రిపేరు రేటు మాత్రం కొత్తకారు రేటే. షెడ్యూల్ ప్రకారం ప్లగ్గులు మార్చే సమయం వచ్చింది. ఒక సర్వీస్ సెంటర్లో అడిగితే ఎనిమిది వందల డాలర్లు చెప్పారు. ప్లగ్గులెన్ని అనడిగితే, పన్నెండు! ఆరు సిలిండర్లు, రెండేసి ప్లగ్గులు. సరిగ్గా నిజాం కారు లెక్కే. కాకపోతే ఇక్కడ ఫెయిలోవర్ కోసం కాదు. ఈ ఇంజన్లో సిలిండరుకి పెట్రోలు గాలి లోపలికొచ్చే వాల్వులు రెండు, పొగ పోయేది ఒకటే. పొగదారి చిన్నదైతే వేడి వృథా కాకుండా కన్వర్టర్ త్వరగా కాగుతుంది, పొల్యూషన్ తగ్గుతుంది. లోపల మంట సమంగా అంటుకోడానికి రెండు ప్లగ్గులు.

ఒక శనివారం మా అన్నయ్య గరాజులో మొదలుపెట్టాను. చెయ్యాలనుకునేవాళ్ళకి ముఖ్యమైనవి చెప్తాను. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. హెడ్డు అల్యూమినియం, వేడిమీద విప్పితే మరలు లాక్కొచ్చే ప్రమాదం. పై మూత, గాలి గొట్టాలు తీస్తే ఆరు కాయిళ్ళు, ఒక్కోదానికి రెండు వైర్లు కనిపిస్తాయి. వైరు పట్టుకుని లాగొద్దు. చివర ఉన్న లోహపు తొడుగు కింద 17 నంబరు పానా పెట్టి మెల్లగా ఎత్తాలి. ప్లగ్గు విప్పేముందు చుట్టూ ఉన్న దుమ్ము గాలితో ఊదాలి, లేకపోతే అది సిలిండర్లో పడుతుంది. కొత్తది మొదట చేత్తోనే తిప్పాలి. నాలుగైదు చుట్లు సాఫీగా దిగాకే పానా పట్టాలి. బిగింపు టార్క్ రెంచితో, మాన్యువల్లో చెప్పినంతే. ఇలాంటి 14 మిల్లీమీటర్ల మర, అల్యూమినియం హెడ్డు ఉంటే మామూలుగా 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. ఒకటి విప్పి, ఒకటి బిగించి, తర్వాత దానికెళ్ళాలి. ప్లగ్గు నంబరు కంపెనీ చెప్పిందే కొనండి. ఎన్‌జీకేలో నంబరు పెరిగితే చల్లటి ప్లగ్గు, బాష్‌లో పెరిగితే వేడిది. ఎండియన్‌నెస్ గొడవ ఇక్కడా ఉంది :)

వెనకవైపు ప్లగ్గులు చేతికందడానికి తిప్పలు పడ్డాను గానీ, మూడున్నర గంటల్లో అయిపోయింది. ప్లగ్గులకైంది తొంభై డాలర్లు. విప్పిన పన్నెండింటినీ వరుసగా పేర్చి చూశాను. అన్నిటి కొనలూ లేత గోధుమరంగు. అంటే లోపల పెట్రోలు సరిగ్గా మండుతోందని అర్థం. మసి పట్టి నల్లగా ఉంటే ఒక జబ్బు, తెల్లగా కాలిపోయి ఉంటే ఇంకో జబ్బు. ప్లగ్గంటే సిలిండర్ లోపల రాసుకున్న లాగ్ ఫైల్. మెకానిక్కులు దాన్ని చదివి పారేస్తారు, మనకి చూపించరు.

డబ్బు మిగిలిందని ఇదంతా చెప్పడం లేదు. మన జీతాలకి ఎనిమిది వందలు కట్టలేక కాదు. నా బాధ వేరే. ప్లగ్గుకి ఐడీ నంబరు లేదు, కంప్యూటర్ పర్మిషన్ అక్కర్లేదు. విప్పొచ్చు, బిగించొచ్చు. కానీ చాలా బీఎండబ్ల్యూ కార్లలో బ్యాటరీ మారిస్తే ఆ సంగతి కారు కంప్యూటర్‌కి ప్రత్యేకంగా నమోదు చెయ్యాలి. కారులో ఒక్కో భాగమూ అలా తాళంలోపలికి వెళ్తోంది. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం వల్ల, బయట పని చేయించుకున్నారన్న ఒక్క కారణంతో వారంటీ రద్దు చెయ్యడం కుదరదు. 2012లో మసాచుసెట్స్ ఓటర్లు రిపేరు సమాచారం బయటి షాపులకీ ఇవ్వాలని గెలిపించారు. 2020లో వైర్లెస్‌గా కంపెనీకి వెళ్ళే డేటా మీద మళ్ళీ ఓటేశారు. ఈ హక్కులు వాడుకునేవాళ్ళుంటేనే బతుకుతాయి. బానెట్ ఎత్తనివాడికి తాళం వేశారో లేదో కూడా తెలీదు కదా. పైగా ఆ తాళాలు రాసేది ఎవరు? మనలాంటి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లే.

ఎలక్ట్రిక్ కార్లలో ప్లగ్గే లేదు. ఎన్‌జీకే స్పార్క్ ప్లగ్ కంపెనీ కూడా 2023లో పేరు నిటెర్రా అని మార్చుకుంది. ఇంకో ముప్పై ఏళ్ళకి ప్లగ్గు మ్యూజియం వస్తువైపోవచ్చు. పోనివ్వండి, దాని మీద నాకేం బెంగ లేదు, గాలి బాగుపడితే మంచిదే. బెర్తా బెంజ్‌కి, మా నాన్నకి ఉన్న ఆ ధైర్యం, 'నా బండి, విప్పి చూస్తే ఏమౌతుంది' అనే ధైర్యం, అది కూడా దాంతోపాటు పోకూడదు.

ఈ వీకెండ్ ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీ నాన్నగార్ని స్కూటర్ ప్లగ్గు గురించి ఒకసారి అడిగి చూడండి. గ్యాపు ఎంత పెట్టేవారు, దేంతో కొలిచేవారు అని. మా నాన్న బ్లేడుతో అన్నాడు. మీ ఇంట్లో ఏం చెప్తారో నాకూ చెప్పండి.