కారణం చెప్పని నోటీసు

1965 ఆగస్టు 10న అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలోని డర్హమ్ నగరంలో, మెక్‌డూగల్డ్ టెర్రస్ అనే ప్రభుత్వ గృహ సముదాయంలో అద్దెకుండేవాళ్ళు తమ పేరెంట్స్ క్లబ్బుకి జాయిస్ థోర్ప్‌ని అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. మర్నాడే ఆమెకి హౌసింగ్ అథారిటీ నోటీసు ఇచ్చింది. నెలాఖరుకల్లా ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఎందుకో అందులో లేదు.

పేదలకి తక్కువ అద్దెకి ఇళ్ళిచ్చే ఈ పథకానికి మూలం 1937 నాటి ఫెడరల్ చట్టం. డర్హమ్‌లో ఈ ఇళ్ళు 1950లలో వచ్చాయి. ఫ్యూ గార్డెన్స్ తెల్లవాళ్ళకి, మెక్‌డూగల్డ్ టెర్రస్ నల్లవాళ్ళకి. లీజు నెలనెలా కొనసాగుతుంది, పదిహేను రోజుల నోటీసుతో రద్దు చెయ్యొచ్చు. కుళాయి కారుతోందని చెప్పుకోవాలన్నా, అద్దె లెక్క తప్పిందని అడగాలన్నా వెళ్ళాల్సింది ఆ ఆఫీసుకే. ఇంటి యజమాని వాళ్ళే, ఫిర్యాదు వినేదీ వాళ్ళే, బయటికి పంపేదీ వాళ్ళే. అలాంటిచోట నోరు విప్పడమంటే ఇంటిని పణంగా పెట్టడమే. అందుకే ఒంటరిగా కాక సంఘంగా అడగాలనుకున్నారు. ఆ సంఘానికి 'పేరెంట్స్ క్లబ్' అన్న పేరు చూడండి. పిల్లల పేరు చెప్పకుండా ఆడవాళ్ళు నలుగురు కూడితే అనుమానించే లోకం మనకీ కొత్త కాదు.

థోర్ప్ లాయరు ద్వారా కారణం అడిగింది. అథారిటీ చెప్పలేదు. ఆమె ఇల్లు వదల్లేదు. కోర్టులో డైరెక్టరు ప్రమాణపత్రం దాఖలు చేశాడు: కారణం ఏదైనా కావచ్చు, అసలు ఉంటే; అధ్యక్షురాలిగా ఎన్నికవడం మాత్రం కాదట! కారణం కానిదేదో అంత కచ్చితంగా తెలిసిన మనిషికి కారణమేదో చెప్పడానికి నోరు రాలేదు. అద్దెకిచ్చిన ఏ యజమానికైనా కారణం చెప్పాల్సిన పనిలేదని 1966లో రాష్ట్ర సుప్రీంకోర్టు అథారిటీ పక్షానే తీర్పిచ్చింది.

కేసు అమెరికా సుప్రీంకోర్టులో ఉండగానే, 1967 ఫిబ్రవరిలో కేంద్ర గృహనిర్మాణ శాఖ ఒక సర్క్యులర్ పంపింది. ఖాళీ చేయించేముందు కారణం చెప్పాలి, అద్దెదారు జవాబు వినాలి అని. అది తర్వాత వచ్చింది కాబట్టి ఈమెకి వర్తించదని రాష్ట్ర కోర్టు మళ్ళీ మొండికేసింది. చివరికి 1969 జనవరి 13న ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ రాసిన తీర్పు, ఆమె ఇంకా ఆ ఇంట్లోనే ఉంది కనక ఆమెకీ వర్తిస్తుందని చెప్పింది. అంటే, మూడేళ్ళకు పైగా ఇల్లు వదలకుండా ఉండటమే ఆమె కేసుని నిలబెట్టింది.

ఇది సగం గెలుపేనని నాకనిపిస్తుంది. సంఘం పెట్టినందుకే వెళ్ళగొట్టారా అన్న అసలు ప్రశ్నని కోర్టు తాకలేదు. ఆమెకి దక్కింది కారణం వినే హక్కు మాత్రమే. కానీ ఆ సగంలోంచే చాలా వచ్చింది. 1971లో కేంద్ర శాఖ ప్రతి అథారిటీలోనూ ఫిర్యాదుల విచారణ పద్ధతి ఉండాలంది. ముందు ఆఫీసులో మాట్లాడుకోవాలి. తెగకపోతే, ఆ నిర్ణయంతో సంబంధం లేని మనిషి ముందు విచారణ జరగాలి. అద్దెదారు తోడుగా ఇంకొకర్ని తెచ్చుకోవచ్చు, తన ఫైలు చూడొచ్చు. ఫైలు చూడటం చిన్న విషయం కాదు. తన గురించి ఆఫీసు ఏం రాసుకుందో పేద స్త్రీకి ఎప్పుడు తెలుస్తుంది గనక?

డర్హమ్ నల్లజాతి స్త్రీల పోరాటాల మీద క్రిస్టినా గ్రీన్ పుస్తకం 2005లో వచ్చింది. అలాంటి పుస్తకాలు లేకపోతే థోర్ప్ లా పుస్తకాల్లో ఒక కేసు పేరుగానే మిగిలేది.

హక్కు వచ్చాక నిలిచిందా అంటే, అన్నిచోట్లా కాదు. మాదకద్రవ్యాల పేరుతో 1988లో చేసిన చట్టం ప్రకారం, ఇంట్లో ఎవరు తప్పుచేసినా కుటుంబం మొత్తాన్ని పంపెయ్యొచ్చు. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పెర్లీ రకర్ అనే 63 ఏళ్ళ స్త్రీ, కూతురి దగ్గర కొకెయిన్ దొరికినందుకు ఇల్లు ఖాళీ చెయ్యమనే కేసు ఎదుర్కొంది. కూతురి గది తరచూ వెతికేదాన్ని, నాకేం కనిపించలేదు అందామె. తెలియకపోయినా సరే పంపొచ్చని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంట్లోవాళ్ళందరి నడతకీ జవాబు చెప్పాల్సింది మళ్ళీ తల్లే.

2020 జనవరిలో మెక్‌డూగల్డ్ టెర్రస్ ఇళ్ళల్లో స్టవ్వుల నుంచి, హీటర్ల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతోందని బయటపడింది. రెండు వందలకు పైగా కుటుంబాలను హోటళ్ళకి తరలించారు. మరమ్మతులు ఎప్పుడు పూర్తవుతాయో చెప్పమని అడగటానికి అద్దెదారులు నగర కౌన్సిల్ ముందు నిలబడ్డారు.